చివరి రెండంగుళాలు

జీడిమెట్ల, ఫేజ్ త్రీ. డిసెంబరు పొద్దు.
రేకుల మీంచి మంచు చుక్కచుక్కగా
నూనె మరకల నేల మీదికి.
నూటయాభై టన్నుల ప్రెస్సు
ఇంకా నిద్రమత్తులోనే ఉంది.

ఓనరు ఫోనులో స్టాప్‌వాచీ తెరిచి నిలబడ్డాడు.
"పోయిన నెల ఏడు సెకన్లు. ఇప్పుడు పదకొండు.
ఆ నాలుగూ ఎవడు మింగుతున్నాడు?"
అడిగింది మిషన్ని,
చూసింది కొమురెల్లి మొహంలోకి.

కొమురెల్లి చూపు రెండు ఆకుపచ్చ బటన్ల మీదే.
ఎడమచేతికి మూడు వేళ్లు.
తక్కిన రెండూ వేరే షెడ్డులో, వేరే ప్రెస్సు కింద,
ఆరేళ్ల కింద.

ఖలీల్ మామ స్కూటర్ దిగాడు.
పానాల సంచి మోస్తూ వెనక నేను.
మామ ఎవర్నీ ఏమీ అడగలేదు.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పంపుకి ఆనించి
పిడి చెవి వెనక పెట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.
"గులకరాళ్లు నములుతోంది, విను."

విన్నాను. నిజంగానే రాళ్లు.
ట్యాంకులో చలికి నూనె ఆముదమైంది,
జాలీకి ఏడాది మడ్డి.
నోట్లో గుడ్డ కుక్కి
పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తుతారు?

"ఇవన్నీ ఎందుకు భాయ్, ప్రెషర్ పెంచు,
ఇంకో యాభై బార్ ఎక్కించు."
మామ నవ్వాడు. పాన్ ఎర్రగా కనబడింది.
"ప్రెషర్ బలం, సేఠ్. జోరు కాదు.
బస్తా మోసేటోడు ఉరుకుతడని ఏమున్నది?
ఉరికించేది ధార.
నిమిషానికి ఎన్ని లీటర్లొస్తే అంత.
గదమాయిస్తే లీటర్లు పెరగయ్."

ఆ ఆఖరి మాట ప్రెస్సు గురించేనా అని
కొమురెల్లి ఒకసారి తలెత్తాడు.

హోసు విప్పితే ముప్పావు అంగుళం.
దసరాకి ఎవరో చవగ్గా దొరికిందని మార్చారట.
అంగుళం మాటని ముప్పావు గొంతుతో పలికిస్తూ
రెండు నెలలుగా దాన్నే నత్త అని తిడుతున్నారు.
ట్యాంకులో తెల్లటి నురగ:
ఎక్కడో ఒక నట్టు వదులై గాలి దూరుతోంది.
నూనె మాట ఇస్తే తప్పదు,
మధ్యలో దూరిన గాలే బేరమాడుతుంది.
సిలిండర్ సీలు కూడా అరిగిపోయింది.
లోలోపలే కారేది కింద మరక చూపదు,
అందుకే ఇన్నాళ్లూ
మనిషి మీదికి వచ్చింది.

మధ్యాహ్నం, ఇరానీ చాయ్ తాగుతూ అడిగాను,
"దిగేటప్పుడు నిదానం, ఎక్కేటప్పుడు జల్దీ ఎందుకు మామా?
పంపు ఒకటే కదా."
"ఎక్కేటప్పుడు రాడ్డు సగం తావు తింటది.
తక్కువ చోటు తొందరగా నిండుతది.
నీ కడుపు లెక్క కాదు," అన్నాడు,
నా చేతిలో నాలుగో ఉస్మానియా బిస్కెట్ చూసి.

సాయంత్రం నడిపి చూశాం. ఆరు.
ఓనరు మొహంలో దీపావళి.
ఫోనుకి సమాధానం చెబుతూ బయటికి నడిచాడు.

మామ మాత్రం సంచి సర్దలేదు.
కొమురెల్లి ఎడమచేతిని
బల్ల మీద పెట్టమన్నాడు, కొలవడానికి అన్నట్టు.
చాలాసేపు చూశాడు.
ఆ తర్వాత లిమిట్ స్విచ్ కాస్త పైకి జరిపి
ఫ్లో వాల్వు మర పావు తిప్పు బిగించాడు.

ఈసారి పైపలక ధనధనా దిగొచ్చి,
రేకుకి రెండంగుళాల దూరంలో,
గడప ముందు చెప్పులు విడిచే మనిషిలా
తమాయించుకుని
మెల్లగా లోపలికి వెళ్లింది.

ఓనరు తిరిగొచ్చి మళ్లీ లెక్కపెట్టాడు. ఏడు.
"ఆరు చూసినట్టుంది?"
"నూనె వేడెక్కింది, సేఠ్," అన్నాడు మామ,
పాన్ ఉమ్మడానికి పక్కకి తిరిగి.
వేడెక్కిన నూనె మాట అబద్ధం కాదు.
ఆ ఒక్క సెకనుకి మాత్రం అది జవాబు కాదు.

షాపూర్‌నగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు
స్కూటర్ వెనక నేను బిల్లు చూశాను:
ఆయిల్, జాలీ, అంగుళం హోసు, సీలు కిట్టు, కూలీ.
పావు తిప్పుకి
మామ ఏమీ రాయలేదు.